కరోనా వల్లే అమ్మ కన్ను తీయాల్సి వచ్చిందా? అప్పట్లో ఇలాంటి ఆపరేషన్లు నిజంగా పెరిగాయా?

బ్రాడీపేట_సుజ (26 ఆగస్టు 2024, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా మనసులో నలుగుతున్న విషయం. ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లె. 2020 మార్చి ఆఖరు, మినుము నూర్పిడి రోజులు. లాక్‌డౌన్ పెట్టి నాలుగు రోజులైంది. కూలీలు రాక అమ్మే కళ్ళంలోకి దిగింది. ఎడమ కంట్లో పొట్టు నలుసు పడింది. చీర చెంగు ఉండ చేసి, నోటి ఆవిరితో వెచ్చచేసి కంటికి ఒత్తుకుంది. అందరం చేసేదే కదా. మర్నాటికి కన్ను ఎర్రబడితే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు ఎరుపు తగ్గింది కూడా. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. నీళ్ళు కారడం, వెలుతురు చూడలేకపోవడం, పొద్దున లేచేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోవడం, నల్లగుడ్డు మీద అన్నం మెతుకంత తెల్ల మచ్చ.

ఫోన్లో ఫోటో పంపించింది. "పువ్వేసినట్టుందమ్మా, బస్సులు తిరగ్గానే వచ్చెయ్, చూపిద్దాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

బస్సులు తిరగలేదు. గుంటూరు రెడ్ జోన్. పొద్దున్నే కాసేపు కూరగాయలకి తప్ప గుమ్మం దాటనివ్వని రోజులు. 19వ రోజున తెలిసిన ఆటో అతను ధైర్యం చేసి తీసుకొచ్చాడు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో (పేరు వద్దులెండి) ఏ ఊరు, జ్వరం ఉందా అని గేటు దగ్గరే అడిగి పంపేశారు. రెండోచోట చేర్చుకున్నారు. అప్పటికే గుడ్డు చిల్లుపడి లోపలంతా చీము. మూడు రోజులు రాత్రీపగలూ గంటగంటకీ చుక్కలు వేశారు. నాలుగో రోజు, చూపు ఎలాగూ లేదు, చీము ఇంకా లోపలికి పాకకముందే తీసేయాలన్నారు. తీసేశారు.

నేను అడగాలనుకున్నవి రెండు. కరోనా కాలంలో కన్ను తీసేసే ఆపరేషన్లు నిజంగా పెరిగాయా, లేక మా ఇంట్లో జరిగింది కాబట్టి నాకు అలా అనిపిస్తోందా? రెండోది, లాక్‌డౌన్ లేకపోయినా ఆ కన్ను పోయేదేనా? అమ్మ ఈ మాట ఎత్తదు. నాకే నిద్ర పట్టదు.

చుట్టుగుంట_బాబీ

పెరగకుండా ఎలా ఉంటాయి అక్కా? బ్లాక్ ఫంగస్ మర్చిపోయారా? వాట్సాప్ తెరిస్తే అవే ఫోటోలు. డబుల్ కాదు, పది రెట్లు అయ్యుంటాయి. డౌటే లేదు.

లెక్కల_మాస్టారు

బాబీ, ఏమిటయ్యా పది రెట్లయింది? సుజ గారి అమ్మగారి సంగతి 2020 ఏప్రిల్. బ్లాక్ ఫంగస్ ఉప్పెనలా వచ్చింది 2021లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. మధ్యలో ఏడాది ఉంది. రెంటినీ ఒకే గంపలో వేసి తూచితే ఎలా?

నేను డాక్టర్ని కాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను, ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. కాబట్టి "పెరిగాయా" అన్న మాట దగ్గరే ఆగిపోతాను. ఒక ఊహాలెక్క చెప్తా. ఒక కంటి ఆసుపత్రిలో మామూలు నెలలో 1,000 ఆపరేషన్లు అనుకుందాం. ఎక్కువ భాగం శుక్లాలవే. కన్ను తీసేసేవి 10. అంటే నూటికి ఒకటి. లాక్‌డౌన్ నెలలో శుక్లాలు ఆపేశారు, అత్యవసరమైనవే చేశారు. మొత్తం 100 అయ్యాయి. కన్ను తీసేసేవి 6. ఇప్పుడు నూటికి ఆరు! "కన్ను తీసే ఆపరేషన్ల రేటు ఆరు రెట్లు" అని హెడ్డింగ్ పెట్టొచ్చు. "కన్ను తీసే ఆపరేషన్లు 40 శాతం తగ్గాయి" అని కూడా పెట్టొచ్చు. రెండూ అబద్ధం కాదు. పైన ఉన్న అంకె పెద్దగా కదల్లేదు, కింద ఉన్న అంకె కూలిపోయింది, అంతే.

నన్నడిగితే అసలు ప్రశ్న ఆ మిగతా నాలుగు కళ్ళు ఏమయ్యాయని. వాళ్ళకి జబ్బే రాలేదా, లేక వచ్చి ఇంట్లోనే కూర్చున్నారా?

(ఇవి నా ఊహా అంకెలు. ఎవరూ వాట్సాప్‌లో పెట్టకండి బాబూ.)

చుట్టుగుంట_బాబీ

సరే మాస్టారూ, పది రెట్లు వెనక్కి తీసుకున్నా 🙏

పటమట_చూపు

మాస్టారి ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే పని, విజయవాడలో చేస్తున్నా. డాక్టర్ని కాను.

"కన్ను తీసేయడం" అని ఒకే మాట వాడతాం కానీ లోపల మూడు వేరే వేరే ఆపరేషన్లు ఉన్నాయి. సుజ గారి అమ్మగారికి చేసింది బహుశా ఎవిసరేషన్. గుడ్డు లోపలి పదార్థమంతా తీసేసి, తెల్లటి పెంకు, దాన్ని తిప్పే కండరాలు అలాగే ఉంచుతారు. చీము పట్టిన కళ్ళకి ఎక్కువగా చేసేది ఇదే. రెండోది ఇన్యూక్లియేషన్. గుడ్డు మొత్తాన్ని నరం కోసి తీసేయడం. లోపల కణితి ఉంటే ఇది చేస్తారు, పెంకుని కూడా నమ్మలేం కాబట్టి. మూడోది ఎగ్జెంటరేషన్. గుడ్డుతో పాటు చుట్టూ ఉన్న కొవ్వు, కండ, చాలాసార్లు రెప్పలు కూడా. బ్లాక్ ఫంగస్‌లో మీరు విన్నది ఇదే.

మూడింటి మీదా కరోనా దెబ్బ ఒకేలా పడలేదు. ఎప్పుడో చూపు పోయి, నొప్పి పెడుతున్న కన్నో, ముడుచుకుపోయి చూడ్డానికి బాగోలేని కన్నో తీయించుకోవడం వాయిదా వేసుకోగలిగిన పని. 2020 వేసవిలో అవి దాదాపు ఆగిపోయాయి. రోడ్డు మీద బండ్లే లేనప్పుడు ప్రమాదాల్లో పగిలే కళ్ళు కూడా తగ్గుతాయి. అంటే మొత్తం సంఖ్య తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పొలాలు ఆగలేదు. మన దగ్గర మార్చి, ఏప్రిల్ అంటే మినుము నూర్పిళ్ళు, మిరపకోతలు, వెనకే దాళ్వా కోతలు. నలుసులు పడుతూనే ఉన్నాయి. నలుసు పడ్డ కన్ను ఆసుపత్రికి చేరే దారే మూసుకుపోయింది. వచ్చినవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళ పరిస్థితి మాత్రం ఘోరం. మా దగ్గర ఆ వేసవిలో కళ్ళారా చూసింది అదే.

పాత_థియేటర్_నర్సు

తల్లీ సుజా, నేను గుంటూరులోనే ఒక ఆసుపత్రి థియేటర్లో 26 ఏళ్ళు చేశాను. ఇప్పుడు ఇంట్లోనే. ఆ ఏప్రిల్ నాకు బాగా గుర్తు.

పీపీఈ వేసుకుంటే కళ్ళద్దాల మీద ఆవిరి. డాక్టరుకి దారం ఎక్కించిన సూది అందించాలంటే కూడా తల అటూ ఇటూ తిప్పి, ఆవిరి లేని చోటు వెతుక్కుని చూసేదాన్ని. అది వదిలెయ్. నన్ను వెంటాడేది సంతకాలు.

మామూలు రోజుల్లో కన్ను తీయాలంటే ఇంటిల్లిపాదీ వస్తారు. ఏడుస్తారు, పోట్లాడుకుంటారు, ఇంకో డాక్టర్ని అడుగుదాం అంటారు, ఒక పూట గడిచాక ఎవరో పెద్దాయన "కానివ్వండి" అంటాడు. ఆ రోజుల్లో పేషెంటుతో ఒక్కరినే ఉండనిచ్చారు. ఒక ముసలాయన వచ్చాడు, ప్రత్తిపాడు వైపు నుంచి. కొడుకు ఉన్న వీధి కంటైన్‌మెంట్‌లో ఉంది, రాలేడు. ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టరు గారు అంతా చెప్పారు. అవతల చాలాసేపు మాటల్లేవు. తర్వాత ఆ అబ్బాయి ఒక్కటే అడిగాడు: "కన్ను తీసినా రెప్ప ఉంటుందా అండీ?" ఉంటుందని డాక్టరు గారు చెప్తే, "అయితే నాన్నతో వేలిముద్ర వేయించండి" అన్నాడు. ఫోన్ పట్టుకున్నది నేనే. నా చెయ్యి వణికింది.

లెక్కలు నాకు తెలియవు. లెక్కల పుస్తకంలో ఆ ముసలాయన ఒక అంకె అయ్యుంటాడు.

బ్రాడీపేట_సుజ

సిస్టర్ గారూ, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను.

చూపు గారూ, ఒకటి అడగాలి. ఆ మూడు రోజులు వేసిన చుక్కలు పాలలా తెల్లగా ఉండేవి. రెప్పల వెంట్రుకలకి పిండిలా అంటుకునేవి, దూదితో తుడిచేదాన్ని. ఇంకో మాట కూడా అన్నారు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) దొరికితే అతుకు వేసి చూసేవాళ్ళం, ఇప్పుడు ఎక్కడా లేవు అని. అది నిజమేనా, ఊరికే అన్నారా?

పటమట_చూపు

నిజమే. ముందు చుక్కల సంగతి. పాలలా తెల్లగా, అడుగున పేరుకునే మందు నటామైసిన్. అంటే అమ్మగారిది బూజు వల్ల వచ్చిన పుండు. ఇళ్ళలో రొట్టె మీద వచ్చే బూజు లాంటిదే, ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ అనే రకాలు మన వేడి, తేమ నేలల్లో, పంట చెత్తలో బతుకుతాయి. పొట్టు గీసిన గీతలోంచి నల్లగుడ్డులోకి దిగుతాయి. దక్షిణాదిలో రైతు కూలీలకి వచ్చే కంటి పుళ్ళలో పెద్ద వాటా వీటిదే. ఆ పాల చుక్కే ఇప్పటికీ మనకున్న మంచి మందు. దక్షిణాదిలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద దీన్నీ వోరికొనజోల్ అనే ఇంకో బూజు మందునీ పోల్చి చూస్తే ఇదే మెరుగని తేలింది. 2013లో ప్రచురించారు.

మందు పని చేయక గుడ్డు చిల్లుపడే పరిస్థితి వస్తే, దాత ఇచ్చిన కార్నియాని అతుకులా వేసి కనీసం గుడ్డునైనా నిలబెడతారు. చూపు కోసం కాదు, కన్ను కోసం. 2020 ఏప్రిల్లో నేత్ర సేకరణ దాదాపు ఆగిపోయింది. చనిపోయినవారికి కరోనా ఉందో లేదో తెలియదు, ఇంటికి వెళ్ళి సేకరించే టెక్నీషియన్లకి దారి లేదు. కార్నియాని మామూలు ద్రావణంలో నాలుగు రోజులు, ఖరీదైన ద్రావణంలో రెండు వారాలు ఉంచగలం. అంటే సేకరణ ఆగిన పక్షం రోజులకి ఫ్రిజ్‌లు ఖాళీ. కొన్నిచోట్ల గ్లిజరిన్‌లో దాచినవాటితో నెట్టుకొచ్చారు. అలా అతుకు దొరక్క ఎవిసరేషన్ దాకా వెళ్ళిన కళ్ళు ఉన్నాయి. ఈ కోణం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

వన్‌టౌన్_గోపాల్

ఇప్పుడు నేత్రదాన పక్షోత్సవాలు నడుస్తున్నాయి కదా, ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 దాకా. అందులో తీసే కళ్ళు కూడా ఈ లెక్కలోకి వస్తాయా? మా నాన్నవి ఇచ్చాం. ఆరు గంటల్లోపు వచ్చి తీసుకెళ్ళారు.

అడ్మిన్

గోపాల్ గారూ, అవి వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది బతికున్నవాళ్ళకి జబ్బు వల్ల చేసే ఆపరేషన్. మీ నాన్నగారికి నమస్కారం. నేత్రదానం మీద ఇక్కడే వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి.

మంగళగిరి_శ్రీను

బాబీ గారు బ్లాక్ ఫంగస్ అన్నారు కదా. మా ఇంట్లో అది వచ్చింది. నాన్నకి.

2021 మే. నాన్నకి షుగర్ పదిహేనేళ్ళ నుంచి ఉంది. కరోనా వచ్చింది, ఆక్సిజన్ 95 కంటే తగ్గలేదు, ఇంట్లోనే ఉన్నారు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మందుల చీటీ చూసి మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు తెచ్చి వేశాం. ఐదు రోజులనుకున్నది రెండు వారాలు వేశాం, వేస్తే హుషారుగా ఉంటున్నారని. షుగర్ చూసుకోవాలన్న ధ్యాసే లేదు. కరోనా నెగెటివ్ వచ్చిన వారానికి, పళ్ళు తోముకుంటూ "ఎడం బుగ్గ మొద్దుబారింది, నురగ కారుతున్నా తెలియట్లేదు" అన్నారు. నీరసం అనుకున్నాం. రెండు రోజులకి రెప్ప వాలిపోయింది. ఇంకో రోజుకి కన్ను ముందుకు పొడుచుకొచ్చింది.

ఈఎన్‌టీ వాళ్ళు ముక్కులోంచి చచ్చిన కండ తీశారు. కన్ను చూపు అప్పటికే పోయింది. ఫంగస్‌ని చంపే అంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం బెజవాడ, గుంటూరు, హైదరాబాద్ అంతా ఫోన్లు. రోజుకి ఎన్ని వయల్స్ కావాలో చెప్తే మా బావ కాగితం మీద లెక్క వేసి, ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆరోగ్యశ్రీలో చేర్చారు కాబట్టి బతికిపోయాం. కన్ను మాత్రం రెప్పలతో సహా తీసేశారు. సిస్టర్ గారు చెప్పిన ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న మేము అడగలేదు. అడిగి ఉంటే మాకు వేరే జవాబు వచ్చేది.

నాన్న బాగానే ఉన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని రోజూ పానకాల స్వామి మెట్ల దాకా నడుస్తారు.

చుట్టుగుంట_బాబీ

సారీ అన్నా. నేను ఏదో వాట్సాప్ ఫోటోలని తేలిగ్గా అనేశాను.

ఒకటి అడగొచ్చా? తడిసిన మాస్క్ వల్ల వచ్చింది, ఆక్సిజన్ సిలిండర్లో మురికి నీళ్ళ వల్ల వచ్చింది అనేవాళ్ళు కదా. మీ నాన్నగారు ఆక్సిజనే పెట్టుకోలేదంటున్నారు.

పటమట_చూపు

శ్రీను గారూ, చదవడానికే కష్టమైంది.

బాబీ, మాస్క్ సంగతి, నీళ్ళ సంగతి చాలా అన్నారు. బలంగా నిలిచినవి మాత్రం షుగరూ స్టెరాయిడూనే. దేశమంతటా కంటి డాక్టర్లు కలిసి 2,826 మంది పేషెంట్ల వివరాలు పోగేసి 2021లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తల్మాలజీలో వేశారు. అందులో 78 శాతం మందికి షుగర్ ఉంది. 87 శాతం మంది స్టెరాయిడ్ వాడారు. కంటి గూడు ఖాళీ చేసే ఆపరేషన్, అదే ఎగ్జెంటరేషన్, 15 శాతం మందికి చేశారు. చనిపోయినవారు 14 శాతం. ఆ జులై నాటికి దేశంలో బ్లాక్ ఫంగస్ కేసులు 45 వేలు దాటాయని కేంద్రం పార్లమెంటులో చెప్పింది.

మాస్టారి భాషలో చెప్పాలంటే ఇక్కడ కింది అంకె సంగతి అక్కర్లేదు, పై అంకే పెరిగింది. ఎగ్జెంటరేషన్ అంటే మామూలు రోజుల్లో అరుదుగా చేసేది. ముదిరిన కేన్సర్లకి, ఎప్పుడో ఒక ఫంగస్‌కి. ఆ రెండు నెలల్లో వారం వారం విన్నాం. అదే సమయంలో కొన్నిచోట్ల కంటి వెనక్కి నేరుగా అంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఇచ్చి, గుడ్డు తీయకుండా కాపాడటానికి ప్రయత్నించారు. తొందరగా వచ్చినవాళ్ళలో కొందరికి పనిచేసింది కూడా.

లెక్కల_మాస్టారు

అంగీకరించాను. ఒక్క సవరణ. ఆ 15 శాతం అన్నది బ్లాక్ ఫంగస్ వచ్చి, ఆసుపత్రికి చేరి, లెక్కకెక్కినవారిలో. మొత్తం కరోనా వచ్చినవారిలో కాదు. ఎవరో ఒకరు కరోనా వస్తే నూటికి 15 మందికి కన్ను పోతుందని ఫార్వర్డ్ తయారు చేస్తారని ముందే చెప్తున్నా.

బాబీ, నీది ఏ చుట్టుగుంట? మా విజయవాడదా, గుంటూరుదా?

చుట్టుగుంట_బాబీ

గుంటూరు చుట్టుగుంట మాస్టారూ. మిర్చి యార్డు ఘాటు ఇంట్లోకే వస్తుంది. మా వీధిలో కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, అందుకే ఎవరికైనా పుండు పడినా ఎవరూ పట్టించుకోరు 😅

లాక్‌డౌన్లో టీవీలో రాముడి సీరియల్ మళ్ళీ వేశారు గుర్తుందా? మా మేనల్లుడు చీపురు పుల్లలతో బాణాలు చేసి పక్కింటి పిల్లాడి కంటి కొసలో కొట్టాడు. గుడ్డుకి తగల్లేదు కాబట్టి సరిపోయింది. స్కూళ్ళు లేవు, పిల్లలంతా ఇంట్లోనే.

నూజివీడు_మామిడి

పిల్లలంటే గుర్తొచ్చింది. మా పిన్ని కూతురి పాపకి రెండేళ్ళు. 2020 ఫిబ్రవరిలో ఫోటోలు తీస్తే ఫ్లాష్‌కి ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా వచ్చింది. పిల్లి కన్నులా మెరిసేది. ఉగాది వెళ్ళాక చూపిద్దాం అనుకున్నారు. ఉగాది లాక్‌డౌన్‌తోనే వచ్చింది. జూన్లో చూపిస్తే రెటినోబ్లాస్టోమా. కంటి లోపలి కేన్సర్. కన్ను తీసేశారు. పాప ఇప్పుడు ఒకటో తరగతి, అల్లరి పిడుగు. ఇందులో నేను ఎవర్నీ ఏమీ అనను. అప్పుడు అందరూ అంతే.

పటమట_చూపు

ఆ జబ్బులో కన్ను తీయడం ఓటమి కాదండీ. పాప ప్రాణం దక్కింది. అయితే ఫోటోలో తెల్ల మెరుపు కనిపించిన నెల నుంచి లెక్క వేస్తే నెలలు చాలా విలువైనవి. చిన్న కణితి అయితే కీమో, లేజర్‌తో కన్నునే ఉంచే అవకాశం ఉంటుంది. కీమో మూడు నాలుగు వారాలకోసారి పడాలి. ఆ మధ్యలో దారులు మూస్తే మొదలుపెట్టిన వైద్యం కూడా తప్పిపోతుంది. ఇది చదివేవాళ్ళలో చిన్న పిల్లలున్నవాళ్ళు ఒకసారి పాత ఫోటోలు చూసుకోండి.

బ్రాడీపేట_సుజ

నా రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పట్లేదు. చెప్పలేక కాదని నాకు తెలుసు, నన్ను నొప్పించకూడదని. పర్వాలేదు, చెప్పండి.

పాత_థియేటర్_నర్సు

సరే తల్లీ, చెప్తా. లాక్‌డౌన్ లేని ఏళ్ళలో కూడా పల్లెల నుంచి ఇలాంటి కళ్ళు పదిహేను రోజులకి, ఇరవై రోజులకే వచ్చేవి. ముందు చనుబాలు, తర్వాత ఆకు పసరు, తర్వాత ఆర్‌ఎంపీ, తర్వాత టౌన్లో మందుల షాపు, ఆ తర్వాత మేము. పెదకాకానిలో, తాడిగడపలో అంత పెద్ద కంటి ఆసుపత్రులు పెట్టుకుని కూడా. కాబట్టి మామూలు రోజుల్లో అయితే తప్పకుండా నిలిచేదని నేను అనలేను. ఒక్కటి అడుగుతా. ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కలు వేశాక రెండు రోజులు ఎరుపు తగ్గిందన్నావు. ఆ సీసా పేరు గుర్తుందా?

పటమట_చూపు

సిస్టర్ గారు అడిగిందే నేనూ అడుగుదామనుకున్నా. ఎరుపు చటుక్కున తగ్గి తర్వాత ఒక్కసారిగా ముదిరిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానం. స్టెరాయిడ్ ఎరుపునీ నొప్పినీ అణచేస్తుంది, బూజుకి మాత్రం కంచె తీసేసినట్టే. తగ్గుతోందని మనం అనుకుంటుంటే లోపల అది వేళ్ళు పాకిస్తుంది. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపించే యంత్రం) కింద చూసి, పుండు అంచు కాస్త గీకి స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే బూజు పోగులు పది నిమిషాల్లో కనిపిస్తాయి. ఫోన్ ఫోటోలో ఆ పని కాదు. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25నే వచ్చాయి, మేమూ వీడియో కాల్‌లో బోలెడు కళ్ళు చూశాం. కానీ తెల్ల మచ్చ బూజుదో బాక్టీరియాదో ఫోన్‌లో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ ఫోటో చూసి మీకు తెలియలేదని బాధపడకండి. నాకూ తెలిసేది కాదు.

బ్రాడీపేట_సుజ (1 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:15)

ఆదివారం కదా, ఊరికి వెళ్ళొచ్చాను. అమ్మ ఏదీ పారేయదు. బీరువా పై అరలో పాత చీటీల కవరు, అందులో ఆ సీసా. మూత దగ్గర మందు ఎండి గార కట్టింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. క్లోరాంఫెనికాల్, డెక్సామెథసోన్.

పటమట_చూపు

డెక్సామెథసోన్ స్టెరాయిడే.

మంగళగిరి_శ్రీను

నాన్నకి మేము వేసిన మాత్రల మీదా అదే పేరు. డెక్సామెథసోన్. ఇప్పుడే పాత స్ట్రిప్ ఫోటో ఫోన్లో వెతికి చూశాను.

పటమట_చూపు

మందు చెడ్డది కాదు శ్రీను గారూ. 2020 జూన్లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్ తేల్చింది, ఆక్సిజన్ అవసరమైన కరోనా పేషెంట్లలో రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు ఇస్తే చావులు తగ్గుతాయని. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి దాని వల్ల లాభం కనపడలేదు. ఆ రెండో వాక్యం మన మందుల షాపుల దాకా రాలేదు.

లెక్కల_మాస్టారు

సుజ గారూ, మీ అమ్మగారి కేసుని నేనైతే "కరోనా" అన్న గడిలో వేయలేను, "కరోనా కాదు" అన్న గడిలోనూ వేయలేను. ఆ ఆర్‌ఎంపీ 2019లో అయినా అదే సీసా ఇచ్చేవాడు. అయితే 2019లో ఐదో రోజున నొప్పి తిరగబెట్టినప్పుడు మీరు అమ్మని తెనాలి బస్సెక్కించేవారు. ఐదో రోజుకీ పంతొమ్మిదో రోజుకీ మధ్య పద్నాలుగు రోజులున్నాయి. అవి మాత్రం లాక్‌డౌన్‌వే. ఆ పద్నాలుగు రోజుల్లో కన్ను నిలిచేదా అంటే, చూపు గారు చెప్పిన అరవింద్ ట్రయల్‌లో సరైన మందు పడినవాళ్ళలో కూడా కొందరికి చిల్లుపడిందని ఇప్పుడే చదివాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క మనిషికి శాతం అంటగట్టే విద్య మాత్రం నాకు రాదు.

బ్రాడీపేట_సుజ

థాంక్యూ మాస్టారూ. సీసా చేతిలో పట్టుకుని అమ్మతో అంతా చెప్పాను. మీరందరూ రాసింది కూడా చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ వింది. చివరికి, "నువ్వు ఆ రోజే రమ్మన్నా నేను వచ్చేదాన్ని కాదులేవే. కళ్ళంలో మినుములున్నాయి" అంది. మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఇంకో చిన్న సంగతి. అమ్మ పెట్టుడు కన్ను ఈ మధ్య గరగరలాడుతోందట, పొద్దున్నే జిగురు వస్తోంది. మూడేళ్ళ క్రితం చేయించాం. ఎవరికైనా తెలుసా?

రంగుల_కన్ను

ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడు నా పని వచ్చింది. నేను పెట్టుడు కళ్ళు చేస్తాను, విజయవాడలో.

అది గాజు కాదండీ, అక్రిలిక్. కట్టుడు పళ్ళ చిగురుకి వాడే జాతి. మూడేళ్ళంటే కన్నీటిలోని ప్రొటీన్ పైన గార కట్టి ఉంటుంది, చిన్న గీతలు పడి ఉంటాయి. అందుకే గరగర. ఏడాదికోసారి పాలిష్ చేయించాలి. అరగంట పని. ఐదేళ్ళ ప్రాంతంలో కొత్తది చేయించుకుంటే మంచిది, లోపలి గూడు మారుతూ ఉంటుంది కాబట్టి.

మామూలుగా ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మా దగ్గరికి వస్తారు. 2020లో తీసినవాళ్ళు మా దగ్గరికి 2021లో వచ్చారు, కొందరు ఇంకా ఆలస్యంగా. అంతకాలం ఖాళీ గూడుతో ఉన్నారు. దానికి తోడు మాస్క్‌లు. ముక్కూ నోరూ కప్పేస్తే ముఖంలో మిగిలేది కళ్ళే కదా. ఎదుటివాళ్ళు అంతా అక్కడే చూస్తారు. "ఎవరూ కనిపెట్టకూడదు, అచ్చం పక్క కన్నులా ఉండాలి" అని అంత పట్టుబట్టినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. ఒకావిడ అద్దం పట్టుకుని, తెల్లగుడ్డు మీద నేను పరిచే ఎర్ర దారపు పోగుల్ని లెక్కపెట్టింది. నరాల్లా కనపడటానికి సన్నపు పట్టు పోగులు వేస్తాం. "కుడి కంట్లో మూడున్నాయి, ఇందులో ఐదు పెట్టావు" అంది. రెండు తీసేశాను.

సుజ గారూ, అమ్మగారిని తీసుకురండి. ఈలోగా కన్ను తీసి, చేతులు కడుక్కుని, మామూలు సబ్బు నీళ్ళతో కడిగి పెట్టమనండి. స్పిరిట్, శానిటైజర్ తగలనివ్వొద్దు, అక్రిలిక్ పగుళ్ళిస్తుంది. శానిటైజర్‌తో తుడిచి తెచ్చినవి అప్పట్లో చాలా చూశాను. జిగురు పచ్చగా ఉన్నా, గూట్లో నొప్పి ఉన్నా మా దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి.

బ్రాడీపేట_సుజ

జిగురు తెల్లగానే ఉంది, నొప్పి లేదు. శానిటైజర్ వాడుతోందేమో అడుగుతాను, వాడే ఉంటుంది. గురువారం తెనాలి నుంచి బస్సులో తీసుకొస్తా. పర్సనల్ మెసేజ్‌లో అడ్రస్ పెట్టండి.

రంగుల_కన్ను

పెట్టాను. పదకొండు లోపు రండి, మధ్యాహ్నం కరెంటు పోతే పాలిష్ మోటారు తిరగదు.